ఎముకల మందు: తారీఖు తప్పితే ఏమవుతుంది?

షుగరు మాత్ర నాలుగు రోజులు మానేస్తే రక్తపరీక్షలో తెలిసిపోతుంది. నొప్పుల మాత్ర మానేస్తే తెల్లవారేసరికి మోకాలే చెబుతుంది. ఎముకల గుల్లతనానికి ఇచ్చిన మందు మానేస్తే మాత్రం ఏ సూచనా కనిపించదు. ఆకలి మామూలే, నిద్ర మామూలే, నడక మామూలే. అందువల్లనే కాబోలు, మేము రాసే మందులన్నింటిలోనూ "వచ్చే నెల చూద్దాంలే" అని ఎక్కువగా వాయిదా పడేది ఇదే. ఇతర దేశాల్లోనూ ఇదే పరిస్థితి. ఎముకల మాత్రలు మొదలుపెట్టిన వారిలో సుమారు సగం మంది ఏడాది తిరిగేలోపే మానేస్తున్నారని అనేక పరిశోధనల్లో తేలింది.

ముందుగా ఒక గందరగోళం తీర్చాలి. మా దగ్గరికి వచ్చేవారు "ఎముక అరిగిపోయిందన్నారు డాక్టరుగారూ" అంటారు. అరగడం వేరు, గుల్లబారడం వేరు. మోకాలి కీలులో గుజ్జు అరిగితే నొప్పి, వాపు, మెట్లెక్కలేకపోవడం ఉంటాయి. గుల్లతనం, అంటే ఆస్టియోపోరోసిస్, నొప్పి లేకుండా వస్తుంది. పైకి మనిషి బాగానే ఉంటారు. లోపల ఎముక చెదపురుగు పట్టిన దూలంలా పలచనవుతుంది. స్నానాల గదిలో కాలు జారినప్పుడో, బిందె ఎత్తినప్పుడో, ఒక్కోసారి గట్టిగా తుమ్మినప్పుడో విరుగుతుంది. ఎక్కువగా విరిగేవి మణికట్టు, వెన్నుపూస, తుంటి. వీటిలో తుంటి విరగడం మరీ ప్రమాదం. వృద్ధాప్యంలో తుంటి విరిగిన వారిలో సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాదిలోపే మరణిస్తున్నారు. బ్రతికినవారిలో చాలామంది మునుపటిలా ఒంటరిగా నడవలేరు.

వెన్నుపూస విరిగితే అది విరిగినట్టు కూడా చాలామందికి తెలియదు. నడుము పట్టేసిందని నాలుగు రోజులు తైలం రాసుకుని ఊరుకుంటారు. అమ్మమ్మ ఎత్తు తగ్గిందనీ, కాస్త గూని వచ్చిందనీ ఇంట్లోవాళ్ళు గమనించి, వయసు మీదపడింది కదా అనుకుంటారు. గట్టిగా ఉన్న వెన్నుపూస వయసు వచ్చినంత మాత్రాన నొక్కుకుపోదు. ఎత్తు తగ్గినట్టు అనిపిస్తే ఒక ఎక్స్‌రే తీయించాలి.

మందు లోపల ఏం చేస్తుంది?

ఎముక రాయిలాంటిది కాదు. మన శరీరంలో ప్రతిరోజూ పాత ఎముకను తవ్వే కణాలు కొన్ని, ఆ గుంటను కొత్త ఎముకతో నింపే కణాలు కొన్ని పనిచేస్తుంటాయి. పెద్దవాళ్ళలో ఏడాదికి సుమారు పదోవంతు ఎముక ఇలా కొత్తదవుతుంది. స్త్రీలకు నెలసరి ఆగిపోయాక ఈ రెండింటి లెక్క తప్పుతుంది. తవ్వడం ఎక్కువ, నింపడం తక్కువ అవుతుంది. పురుషులకూ వయసుతో ఇదే జరుగుతుంది, కాకపోతే నెమ్మదిగా. ఆయాసానికో కీళ్ళవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడేవారిలో మరీ వేగంగా జరుగుతుంది. నొప్పులకు పేరు రాయకుండా పొట్లం కట్టి ఇచ్చే మాత్రల్లో చాలాసార్లు ఈ స్టెరాయిడే ఉంటుంది. "వేసుకున్న రోజే లేచి తిరిగాను" అని మెచ్చుకునే మాత్రను కాస్త అనుమానించడం మంచిది.

మేము ఇచ్చే మందుల్లో ఎక్కువ భాగం తవ్వే కణాలను అదుపులో పెట్టేవే. అన్నీ ఒకేలా పనిచేయవు కాబట్టి, ఆలస్యమైతే జరిగే నష్టమూ ఒకేలా ఉండదు. ఏ మందుకు ఎంత వెసులుబాటు ఉందో రోగికి, ఇంట్లోవారికి తెలియాలి.

వారానికో మాత్ర

అలెండ్రోనేట్ 70 మి.గ్రా. వారానికి ఒకసారి వేసుకునే మాత్ర. ఇది వెళ్ళి ఎముకలోనే కూర్చుంటుంది. మానేశాక కూడా నెలలు, సంవత్సరాలపాటు కొంత అక్కడే ఉంటుంది. కాబట్టి ఒక వారం మరచిపోతే కంగారుపడనక్కర్లేదు. గుర్తుకొచ్చిన మరుసటి ఉదయం ఒకటి వేసుకుని, తర్వాత మళ్ళీ మీ మామూలు వారానికే రండి. మరచిపోయాం కదా అని ఒకే రోజు రెండు వేసుకోకూడదు.

ఈ మాత్రతో అసలు చిక్కు వేసుకునే పద్ధతిలో ఉంది. పొద్దున్నే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో, కూర్చునో నిలబడో మింగాలి. ఆ తర్వాత కనీసం అరగంట నడుము వాల్చకూడదు, ఏమీ తినకూడదు. కాఫీతో గాని, పాలతో గాని, మజ్జిగతో గాని వేసుకుంటే మాత్ర ఒంటికి పట్టదు. మామూలుగానే ఇది ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. కాఫీ తోడైతే ఆ కాస్తా పోతుంది. గుక్కెడు నీళ్ళతో మింగి మళ్ళీ పడుకుంటే మాత్ర అన్నవాహికలో ఆగి పుండు చేస్తుంది. "గుండెల్లో మంట వచ్చింది, మాకు పడలేదు" అని మానేసిన వారిలో కొందరిని ఎలా వేసుకున్నారని అడిగితే సంగతి ఇదే అవుతుంది. పద్ధతి మార్చుకున్నాక వారిలో చాలామందికి పడుతుంది. నిజంగా పడనివారూ ఉంటారు. వారికి వేరే మందు ఉంది.

ఏ వారం పెట్టుకోవాలని అడుగుతుంటారు. చాలామంది ఆదివారం ఎంచుకుంటారు, గుర్తుంటుందని. మంచిదే. మాత్ర వేసుకుని తయారై ఆరాధనకు వెళ్ళేసరికి అరగంట గడిచిపోతుంది, ఆ పూట పడుకునే ప్రసక్తీ ఉండదు. కాని ఉపవాస ప్రార్థన ఉండే వారం మాత్రం వద్దు. నీళ్ళు కూడా ముట్టని ఉపవాసంలో ఈ మాత్ర వేసుకోకూడదు. శ్రమకాలపు నలభై దినాల్లో ఉపవాసం ఉండేవారు మాత్ర ఎలాగూ పరగడుపునే కదా అనుకుంటారు. మాత్రకు పరగడుపు కావాలి, నిండు గ్లాసు నీళ్ళూ కావాలి.

థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే వేసుకునేవారు మనలో ఎందరో. ఆ ఒక్కరోజు ముందుగా ఎముకల మాత్ర, అరగంట తర్వాత థైరాయిడ్ మాత్ర, ఇంకో అరగంటకు పైగా ఆగి కాఫీ, టిఫిను. కాల్షియం మాత్ర మాత్రం ఆ దగ్గరకే రానివ్వకండి. అది ఆ రెండింటినీ పట్టి ఉంచేస్తుంది. థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఏడాదికోసారి సెలైనులో

జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మి.గ్రా. ఏడాదికి ఒకసారి నరం ద్వారా ఎక్కిస్తాము. కనీసం 15 నిమిషాలు నెమ్మదిగా ఎక్కాలి. 2007లో ప్రచురితమైన పెద్ద పరిశోధనలో మూడేళ్ళపాటు ఇది తీసుకున్న స్త్రీలకు వెన్నుపూసలు విరగడం 70 శాతం, తుంటి విరగడం 41 శాతం తగ్గింది. మొదటిసారి ఎక్కించుకున్నాక ఒకటి నుంచి మూడు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు. పారాసిటమాల్‌తో తగ్గిపోతాయి. ఆ జ్వరానికి జడిసి మరుసటి ఏడు రానివారున్నారు. రెండోసారికి అది చాలా తక్కువగా ఉంటుందని వారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇదీ ఎముకలో నిలిచి ఉండే రకమే. పొలం పనుల వల్లో, ఇంట్లో పెళ్ళి వల్లో రెండు మూడు నెలలు ఆలస్యమైతే కొంప మునగదు. అయితే మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి ఇది పనికిరాదు. కాబట్టి ప్రతిసారీ ముందుగా క్రియాటినిన్, కాల్షియం చూడాలి. పోయినేడు పరీక్ష ఉంది కదా అంటే సరిపోదు.

ఆరు నెలల ఇంజెక్షన్

ఇక్కడ కాస్త ఆగి చదవమని కోరుతున్నాము. డెనోసుమాబ్ 60 మి.గ్రా. చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్. అమెరికాలోనూ ఐరోపాలోనూ 2010లో అనుమతి పొందింది. ఇప్పుడు మన దేశపు కంపెనీలు కూడా తయారుచేస్తున్నాయి కాబట్టి ఇంతకుముందు కంటే ఎక్కువమందికి అందుతోంది. మంచి మందు. మాత్ర పడనివారికి, మూత్రపిండాల బలం తగ్గినవారికి కూడా ఇవ్వవచ్చు.

కాని ఇది ఎముకలో నిలవదు. రక్తంలో ఉండి, తవ్వే కణాలు తయారు కాకుండా అడ్డుకుంటుంది. చెరువు తూముకు బిరడా బిగించినట్టు అనుకోండి. బిరడా ఉన్నంతకాలం నీరు కదలదు. అది తీసేస్తే ఇన్నాళ్ళూ ఆగిన నీరంతా ఒక్కసారిగా దూకుతుంది. ఆరు నెలలు దాటి మందు పని తగ్గగానే, ఆగి ఉన్న కణాలన్నీ గుంపుగా లేచి ఎముకను తవ్వుతాయి. ఏళ్ళ తరబడి కూడబెట్టిన ఎముక బలం ఏడాది, రెండేళ్ళలో కరిగిపోతుంది. కొందరిలో అంతకంటే దారుణంగా, చివరి ఇంజెక్షన్ నుంచి ఏడు నెలలు దాటాక, ఏ దెబ్బా తగలకుండానే రెండు మూడు వెన్నుపూసలు వరుసగా నొక్కుకుపోతాయి.

బ్రిటన్‌లోని రోగుల రికార్డులు పరిశీలించి 2020లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఈ ఇంజెక్షన్ 16 వారాలకు మించి ఆలస్యమైనవారికి వెన్నుపూసలు విరిగే ప్రమాదం, సమయానికి వేయించుకున్నవారితో పోలిస్తే సుమారు నాలుగు రెట్లు కనిపించింది. అదే 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఎముకల వైద్యుల అంతర్జాతీయ సంఘాలు కలిసి ఒక సూచన విడుదల చేశాయి. వారానికో మాత్ర, ఏడాదికో సెలైను కొంత ఆగవచ్చు గాని, డెనోసుమాబ్ మాత్రం ముందటి ఇంజెక్షన్ నుంచి ఏడు నెలలు దాటనీయవద్దు, అది వీలుకాకపోతే తాత్కాలికంగా మాత్రలు మొదలుపెట్టండి అని. మేము కూడా నేటికీ ఆ లెక్కనే పాటిస్తాము: ఆరు నెలలకు వేయించుకోవాలి, ఏడు దాటకూడదు.

తారీఖు గుర్తుండడానికి మేము చెప్పే ఉపాయం సులువు. క్రిస్మస్ నెలలో వేయించుకుంటే మళ్ళీ బడులు తెరిచే జూన్‌లో. ఈస్టరు అయితే కుదరదు, అది ఒక్కో ఏడు ఒక్కో తారీఖున వస్తుంది. సంక్రాంతికి అయితే జూలై మధ్యలో. ఇంట్లో గోడ క్యాలెండరు మీద గుండ్రంగా గీత గీసి, కొడుకో కోడలో ఫోనులో కూడా పెట్టాలి. ఒకసారి మూడు వారాలు ఆలస్యమైందనుకోండి, తర్వాతి ఆరు నెలలు అసలు వేయించుకున్న తారీఖు నుంచే లెక్కించాలి, పాత తారీఖు నుంచి కాదు.

ఈ మధ్య మాకు తరచూ ఎదురయ్యేది అమెరికా ప్రయాణం. కూతురి పురిటికని, మనుమల్ని చూసుకోవడానికని ఆరు నెలలకు వెళ్తారు. విసా గడువు, ఇంజెక్షన్ గడువు ఒకేలా ఉండడంతో సరిగ్గా అక్కడున్నప్పుడే తారీఖు వస్తుంది. అక్కడ బీమాలో ఇది ఉండకపోవచ్చు, ఖర్చు చూసి "ఇండియా వెళ్ళాక వేయించుకుంటానులే" అని పిల్లలకు చెప్పకుండా ఊరుకుంటారు. తిరిగొచ్చాక ఒక నెల బంధువుల ఇళ్ళు, ప్రయాణ బడలిక. ఇలా ఎనిమిది, తొమ్మిది నెలలు అవుతుంది. టికెట్టు కొనకముందే ఒక మాట మాకు చెప్పండి. కొద్ది వారాలు ముందుకు జరపవచ్చునేమో, లేక ఈ మధ్యకాలానికి మాత్రలు ఇవ్వాలో చూస్తాము. మందు సంచిలో వేసుకుని తీసుకెళ్తామంటే కూడా ముందుగా అడగండి. అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాల్సిన మందు.

ఈ ఇంజెక్షన్ మానాలనుకుంటే మానవచ్చు. కాని చెప్పి మానాలి. దీన్ని ఆపేటప్పుడు ఆ స్థానంలో మాత్రలో, ఏడాది సెలైనో మొదలుపెట్టి, తవ్వే కణాలను పట్టి ఉంచాలి. ఖర్చు భారమైతే అదే మాట మొహమాటం లేకుండా చెప్పండి. రెండు డోసులు వేయించుకుని మూడోదానికి డబ్బులేక ఆగిపోవడం కంటే, మొదటి నుంచీ వారం మాత్రతో నడవడం చాలామందికి మేలు. ఆ మాత్ర జనరిక్‌గా దొరుకుతుంది, తక్కువ ధరలో. డయాలసిస్ మీద ఉన్నవారికి ఈ ఇంజెక్షన్ వల్ల కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చని 2024 జనవరిలో అమెరికా ఔషధ సంస్థ తీవ్ర హెచ్చరిక జారీచేసింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

రోజువారీ పెన్ను

టెరిపారటైడ్ గురించి క్లుప్తంగా. ఇది ఎముకను కట్టే కణాలను ప్రోత్సహించే మందు. రోజూ ఇంట్లోనే పెన్నుతో వేసుకోవాలి, సాధారణంగా రెండేళ్ళకు మించకుండా. పూర్తయ్యాక ఖాళీగా వదిలేస్తే కట్టిన ఎముక నిలవదు. వెంటనే ఇంకో మందు అందుకోవాలి. కోర్సు అయిపోయిందని సంతోషంగా ఇంటికి వెళ్ళిపోయేవారికి ఈ చివరి మాట వినిపించడం మాకు కష్టంగా ఉంటుంది.

కాల్షియం, విటమిన్ డి

మందు ఎంత సమయానికి పడినా, కట్టడానికి ఇటుక, సున్నం లేకపోతే ఇల్లు లేవదు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మి.గ్రా. కాల్షియం, నెలసరి ఆగిపోయిన స్త్రీలకు 1200 మి.గ్రా. కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మి.గ్రా. ఉంటుంది. గ్లాసుడు పాలలోనో పెరుగులోనో 200కు పైనే. నువ్వులు, మునగాకు, ముల్లుతో నమిలి తినే చిన్న చేపలు మంచివి. రాగి జావ పొద్దున, మజ్జిగ మధ్యాహ్నం, రాత్రి ఒక గ్లాసు పాలు. ఇంతవరకు వస్తే మాత్ర అవసరం సగం తగ్గుతుంది. మాత్ర వేసుకోవాల్సివస్తే కాల్షియం కార్బొనేట్ రకాన్ని అన్నంతో పాటు వేసుకోండి.

ఎండకు కొదవలేని మన ప్రాంతంలో విటమిన్ డి లోటేమిటని ఆశ్చర్యపోతారు. తిరుపతి పరిసరాల్లో ఆరోగ్యంగా ఉన్న పట్టణవాసుల్లోనూ పల్లెవాసుల్లోనూ చేసిన పరీక్షల్లో లోటు ఎక్కువగానే ఉందని 2007లో ప్రచురించారు. లోటు ఉంటే 60,000 యూనిట్ల పొడి పొట్లమో గుళికో రాస్తాము. సాధారణంగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు, తర్వాత నెలకొకటి. తారీఖు తప్పడం అంటే ఆలస్యమే కాదు, తొందర కూడా. ఈ పొట్లాన్ని బలానికి మంచిదని రోజుకొకటి వేసుకున్నవారు వాంతులతో, అతిదాహంతో, మతి చెదిరి ఆసుపత్రికి రావచ్చు. ఒంట్లో కాల్షియం విపరీతంగా పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. చీటీలో "వారానికి" అని ఉందో "రోజుకు" అని ఉందో ఇంట్లో చదువుకున్నవారు ఒకసారి చూడాలి.

నల్లగొండ, ప్రకాశం వంటి ఫ్లోరైడు ప్రాంతాల నుంచి వచ్చేవారు ఆ విషయం తప్పక చెప్పాలి. ఫ్లోరైడు వల్ల వెన్నెముక డెక్సా స్కానులో గట్టిగా ఉన్నట్టు కనిపించవచ్చు గాని నిజానికి పెళుసుగా ఉంటుంది. అంకె చూసి మోసపోకూడదు.

"నొప్పి తగ్గలేదు కదా"

మందు మానేయడానికి మేము ఎక్కువగా వినే కారణం ఇదే. ఈ మందు నొప్పికి ఇచ్చింది కాదు. అది పనిచేస్తోందనడానికి రోజూ కనిపించే గుర్తు ఏదీ లేదు. ఏడాదికో రెండేళ్ళకో డెక్సా స్కాను తీసి చూడాలి, అంతే. టి-స్కోరు మైనస్ 2.5 గాని, అంతకంటే తక్కువ గాని ఉంటే గుల్లతనం అంటాము. రెండేళ్ళకు అంకె పెరగకుండా ఉన్నచోటే ఉన్నా, మందు పనిచేసినట్టే లెక్క, ఎందుకంటే మందు లేకుంటే అది ఇంకా కిందికి జారేది.

జీవితాంతం వాడాలా అంటే, అందరికీ కాదు. ప్రమాదం తక్కువగా ఉన్నవారికి మాత్రలు ఐదేళ్ళు, ఏడాది సెలైను మూడేళ్ళు వాడాక కొంతకాలం విరామం ఇవ్వవచ్చు. దీన్ని మేమే చెబుతాము. పక్కింటి పిన్నిగారికి విరామం ఇచ్చారని మీరు ఆపకండి, ముఖ్యంగా ఆమెది వారం మాత్ర, మీది ఆరు నెలల ఇంజెక్షన్ అయినప్పుడు.

పన్ను పీకించుకునే ముందు పళ్ళ డాక్టరుకు ఈ మందు సంగతి చెప్పండి. దవడ ఎముక మానకపోవడం అనే సమస్య చాలా అరుదుగా వస్తుంది. పాడైన పళ్ళుంటే ముందే బాగుచేయించుకుని మందు మొదలుపెట్టడం మేలు. ఏళ్ళ తరబడి వాడుతున్నవారికి తొడలోనో గజ్జలోనో కొత్తగా నొప్పి మొదలైతే వెంటనే చూపించుకోవాలి. ఇవి రెండూ అరుదు. మందు లేకపోవడం వల్ల విరిగే ఎముకలు వీటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇంతవరకు చదివి "అయ్యో, మా అత్తగారి తారీఖు దాటిపోయిందే" అనుకున్నవారు ఉంటారు. ఎన్ని నెలలు దాటినా సరే, తర్వాతి ఓ.పి. రోజు కోసం ఆగకుండా ఈ వారమే తీసుకురండి. కోప్పడతారేమో అని వెనుకాడనక్కర్లేదు. పాత చీటీలు, చివరి ఇంజెక్షన్ పెట్టె మీది అట్టముక్క లేదా బిల్లు, ఉంటే పాత డెక్సా కాగితం తెండి. చివరిది ఏ తారీఖున పడిందో తెలిస్తే చాలు, సగం పని అయినట్టే. నడుములోనో వీపులోనో కొత్తగా నొప్పి ఉంటే, ఆటోలో గతుకుల దారిన కూర్చోబెట్టి తీసుకురాకుండా, వీలైతే వెనుక సీటు పడుకోబెట్టగల బండిలో తీసుకురండి.